మొనబిళ్ల కింది అంకె

ఆమె దుకాణానికి తలుపు లేదు. మూడంతస్తుల పాత భవనంలో మెట్ల కింద మిగిలిపోయిన ఏటవాలు చోటే దుకాణం. ఒక బల్ల, ఒక ముక్కాలిపీట, గోడకు మేకులు, మేకులకు గొడుగులు. నిటారుగా లేస్తే తల మెట్టుకు కొట్టుకుంటుంది కాబట్టి ఇరవై నాలుగేళ్లుగా ఆమె అక్కడ పూర్తిగా లేచి నిలబడింది లేదు. పైనుంచి దిగేది రెండో అంతస్తు దర్జీయో మూడో అంతస్తు పంతులమ్మో అడుగుల చప్పుడును బట్టే చెప్పేస్తుంది. కత్తెరా, సూదీ, చిన్న సుత్తీ అన్నీ ఎడమ చేతే. అందుకే వీధిలో అందరికీ ఆమె ఎడమచేతి అక్క.

బల్ల కింద ఒక నీలిరంగు బిస్కెట్ల డబ్బా ఉంటుంది. అందులో ఉండేవి బిస్కెట్లు కావు, విరిగిన గొడుగు ఊచలు. అన్నీ ఒకే కంపెనీవి. అన్నీ ఒకే కీలు దగ్గర విరిగినవి.

"ఎవరి గొడుగండీ ఇది?" అని అడుగుతుంది, బేరం రాగానే.

"పెద్ద గొడుగు వాళ్లదే. కొని మూడు నెలలు కాలేదు."

"కూర్చోండి, కూర్చోండి." ఆమె ముఖం చుట్టాలొచ్చినంత కళకళలాడిపోతుంది. "రెండో కీలు దగ్గర విరిగిందా? చూడకుండానే చెప్పాను, చూశారా! అక్కడ పలచటి రేకు వేస్తాడు మహానుభావుడు. ఈ విరిగిన ముక్క మీకెందుకు, నాకిచ్చెయ్యండి."

ఆ ముక్క డబ్బాలో పడి చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వింటే ఆ పూట ఆమెకు అన్నం సయిస్తుంది.

పెద్ద గొడుగు అంటే ఆ కంపెనీ యజమాని. ఫ్యాక్టరీ కప్పు మీద లారీ అంత గొడుగు బొమ్మ పెట్టించుకున్నాక ఊరు అతని అసలు పేరు మరిచిపోయింది. ఎడమచేతి అక్క మాత్రం మరిచిపోలేదు. కానీ ఆ పేరు నోటితో పలకదు. ఒకప్పుడు అతన్ని తమ్ముడూ అని పిలిచేది.

ఇరవై నాలుగేళ్ల కిందట సర్కారు వాళ్లు గొడుగుల తయారీ నేర్పే కేంద్రం ఒకటి పెట్టారు. ఆర్నెల్ల శిక్షణ. చివర్లో ఎవరి నమూనా గొడుగు బాగుంటే వాళ్లకు కరెంటుతో, గుడ్డ కోసే యంత్రంతో ఒక షెడ్డు ఇస్తారు. ఆమెదీ అతనిదీ పక్కపక్క బల్లలు. గొడుగు మీద ఎనిమిది గుడ్డముక్కలూ కలిసే మొన దగ్గర గుండ్రని బిళ్ల ఒకటి కుట్టాలి. గొడుగును సగం తెరిచి, గుడ్డ సడలకుండా ఒకరు కింద పిడి పట్టుకుంటే ఇంకొకరు పైన కుట్టాలి. ఆమెకు అతను పట్టుకునేవాడు, అతనికి ఆమె పట్టుకునేది. పట్టుకున్నవాళ్లకు లోపలి ఊచలు తప్ప పైన జరిగేదేమీ కనిపించదు.

అప్పుడు ఆమె కూతురికి ఐదో నెల. పిల్ల పాలు తాగేది కాదు, బరువు పెరిగేది కాదు. ప్రతి సోమవారం ఆస్పత్రిలో తూకం వేయించి, ఆ వారం చేసిన గొడుగు మీద, బిళ్ల వేయకముందే, ఎవరూ చూడకుండా ఆ బరువును మైనపు దారంతో అంకెలుగా కుట్టేది ఆమె. నాలుగూ రెండు, అంటే నాలుగు కిలోల రెండు వందలు. నాలుగూ మూడు. నాలుగూ ఐదు. గుడ్డలో కుట్టేస్తే ఆ బరువు మళ్లీ తగ్గదని ఆమెకో పిచ్చి నమ్మకం. తల్లులకు అలాంటి నమ్మకాలు ఎక్కడినుంచి పుట్టుకొస్తాయో ఎవరూ చెప్పలేరు. తరవాత వాటి మీద బిళ్ల కప్పేసేది. బిళ్ల విప్పితే తప్ప ఆ అంకె ఎవరి కంటా పడదు. కారని గొడుగు బిళ్లను గొడుగు పనివాడెవడూ విప్పడు.

నమూనా గొడుగు మీద నాలుగూ ఆరు కుట్టింది. ఆ మర్నాడే పిల్లకు నెమ్ము చేసింది. ఎగశ్వాసతో పక్కటెముకలు లోపలికి పోతున్న పిల్లను భుజాన వేసుకుని ఆమె కేంద్రం వరండాలోంచి పరుగెడుతుంటే పక్క బల్ల తమ్ముడు వెనకనుంచి కేకేశాడు: "నువ్వు పాపని చూసుకో అక్కా! నీ గొడుగు కూడా నేనే ఇచ్చేస్తాలే!"

ఇచ్చాడు. పిడికి కట్టిన పేరు చీటీలు మాత్రం మార్చి ఇచ్చాడు.

పద్దెనిమిది రోజులకు పిల్ల బతికి ఇల్లు చేరింది. అప్పటికి షెడ్డు తాళం అతని చేతిలో ఉంది. ఆమె గొడుగు అతని గొడుగై ఒక అద్దాల పెట్టెలో ఉంది. అర్జీ పెడితే ఆఫీసు నుంచి ఒక్క ముక్కలో జవాబొచ్చింది: గడువు దాటినది. శిక్షణ ఇచ్చిన మాస్టారు పాపం మంచివాడే, తల పట్టుకుని కూర్చున్నాడు. "చీటీ మీద అతని పేరుందమ్మా. రుజువేది?" అన్నాడు. రుజువు అద్దం వెనక, బిళ్ల కింద ఉంది. ఉన్నా అదొక అంకె. ఏ అంకెకు ఎవరు తల్లి?

అప్పటినుంచీ ఆమె కోరిక ఒక్కటే. షెడ్డు కాదు, ఫ్యాక్టరీ కాదు. ఆ గొడుగు తనది కాదని అతని నోటితో, నలుగురిలో చెప్పించాలి. వాన వెలిసిన సాయంత్రాల్లో, పిన్నులు పెదాల మధ్య పెట్టుకుని, అతను ఆ మాట ఎలా అంటాడో ఊహించుకునేది. ఒకసారి అతని చేత ఏడుస్తూ అనిపించేది. ఒకసారి మోకాళ్ల మీద. కిందటేడు ఎండలు మండిపోయి బేరాల్లేనప్పుడు మూడు రోజుల పాటు రకరకాలుగా అనిపించింది.

ఆమె మొగుడు బడి బస్సు డ్రైవరు. ముప్పై మంది పిల్లల గోల రోజూ వినేవాడు కాబట్టి ఇంట్లో దేనికీ ఉలిక్కిపడడు.

"సర్కారు నాకేం చేసిందండీ?" అనేది ఆమె, రేడియోలో ఏ మంత్రి గొంతు వినబడినా.

"కుట్టు నేర్పలా?"

"నేర్పింది మాస్టారు. సర్కారు ఆయనకు జీతమిచ్చింది, అదీ ఆలస్యంగా."

"పిల్లని బతికించింది సర్కారాస్పత్రే కదటోయ్."

"బతికించింది నర్సమ్మ. మీరు అన్నం తినండి."

నెల కిందట, కూతురు తన పసిదాన్ని తీసుకుని పుట్టింటికొచ్చింది. ఆ కూతురే, అప్పటి నాలుగు కిలోల ఆరు వందల గ్రాములది. ఇప్పుడు రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. తన పిల్లను రోజుకు రెండుసార్లు తూచి కాగితం మీద గీత గీస్తుంది. గీత కాస్త కిందికి వంగితే ఇల్లంతటికీ జ్వరమొస్తుంది. "నా బరువులు ఎలా ఉండేవమ్మా, పోల్చి చూద్దాం" అని అటక మీది ట్రంకు పెట్టె దింపింది. అడుగున, చిమ్మట కొట్టిన ఉన్ని టోపీలో మడిచిన ఆస్పత్రి కార్డు దొరికింది. సోమవారాలు, తేదీలు, బరువులు, పక్కన నర్సమ్మ సంతకాలు. ఆఖరి గీటు మీద నాలుగూ ఆరు. తేదీ, నమూనాలు ఇచ్చిన రోజుకు సరిగ్గా రెండు రోజుల ముందు.

ఆమె ఆ కార్డును చాలాసేపు చూసింది. తరవాత నవ్వింది. ఆ నవ్వు చూసి కూతురు పసిదాన్ని దగ్గరకు లాక్కుంది.

అదే వారం గోడలకు పోస్టర్లు పడ్డాయి. "చిన్న వ్యాపారానికి సర్కారు చెయ్యి కావాలా, వద్దా?" కొత్తవాళ్లకు షెడ్లు ఇవ్వడం ఇక ఆపేయాలని పెద్ద గొడుగు పురపాలక సంఘంలో తీర్మానం పెట్టించాడట. ఓటుకు ముందు సభా మందిరంలో అందరి ముందూ వాదన. వద్దనే వైపు అతను, కావాలనే వైపు పరిశ్రమల అధికారి. పోస్టరు మీద అతని బొమ్మ. బొమ్మలో అతని చేతిలో ఆ గొడుగు. కింద ఒక వాక్యం: "నా మొదటి గొడుగు, నా రెక్కల కష్టం."

"అద్దంలోంచి తీశాడు," అంది ఆమె, పోస్టరు ముందు నిలబడి.

"ఏం చేస్తావిప్పుడు?" అన్నాడు మొగుడు.

"సూదికి దారం ఎక్కిస్తాను."

సభ రోజు ఆమె మెట్ల కింద గొడుగులన్నీ సర్దేసి, సంచిలో కార్డూ, చిన్న కత్తెరా, సూదీ, మైనపు దారపు ఉండా పెట్టుకుంది. ఒక్క క్షణం ఆలోచించి నీలి డబ్బా కూడా పెట్టుకుంది. కూతురు పిల్లనెత్తుకుని వెంటబడింది. "జనంలోకి వద్దే, దగ్గులూ తుమ్ములూ" అంటే, "మూతికి గుడ్డ కట్టుకుని వెనక కిటికీ దగ్గర కూర్చుంటాంలే. నా బరువు గురించి జరిగే సభకి నేను రాకపోతే ఎలా?" అంది.

మందిరం నిండిపోయింది. పై పంకాలు తిరుగుతున్నాయి గానీ గాలి కిందికి దిగడం లేదు. వేదిక మీద బల్ల, బల్ల మీద స్టాండులో ఆ గొడుగు, తెరిచి నిలబెట్టి ఉంది. నల్లగుడ్డ కొద్దిగా వెలిసింది. అయినా ఎనిమిది ముక్కలూ డప్పు చర్మంలా బిగిసే ఉన్నాయి. మూడో వరసలోంచి ఆమె దాన్నే చూసింది. ముక్కలు కలిపిన కుట్లన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. తన కుట్లు. పెళ్లిలో తప్పిపోయిన పిల్ల కనబడ్డట్టయింది.

పెద్ద గొడుగు లేచాడు. జుట్టు పలచబడింది, గొంతు మాత్రం బలిసింది.

"తెల్లవారుజామున లేచింది నేను. సర్కారు లేవలేదు!" అన్నాడు. జనం నవ్వారు. "వేళ్లకు సూదులు గుచ్చుకుంది నాకు. సర్కారుకు గుచ్చుకోలేదు. షెడ్డు ఊరికే ఇస్తే మనిషి సోమరిపోతవుతాడు. చేయగలిగినవాడు ఎలాగైనా చేస్తాడు. చేతకానివాడికి పది షెడ్లిచ్చినా పడుకుంటాడు."

అధికారి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మీ గొడుగులు లారీల్లో వెళ్లే రోడ్డు ఎవరు వేశారండీ?"

"రోడ్డు అందరికీ వేశారు. అందరూ గొడుగుల ఫ్యాక్టరీ పెట్టారా?"

చప్పట్లు. అధికారి తగ్గలేదు. "మీకు మొదటి షెడ్డు ఇచ్చిందెవరు?"

"గెలుచుకున్నానండీ! ఈ గొడుగుతో!"

ఇంకా ఎక్కువ చప్పట్లు. ఆమె రెండు పక్కలకూ చూసింది. సగం మంది సర్కారే ఇచ్చిందంటున్నారు, సగం మంది కష్టమే ఇచ్చిందంటున్నారు. ఎవరి దగ్గర లాక్కుని ఇచ్చారన్న ప్రశ్న ఒక్కరి నోటా రాలేదు. సభకు పెద్దగా కూర్చున్న రిటైర్డు హెడ్మాస్టరు, "సభలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చు" అనీ అనకముందే ఆమె వేదిక మెట్లెక్కుతోంది. ఆ మెట్ల పైన తలకు తగిలేదేమీ లేదు. నిటారుగా ఎక్కింది.

"పెద్ద గొడుగు గారూ," అంది. "నేను చిన్న గొడుగులు బాగుచేసుకునేదాన్ని. ఒక్క అనుమానం. ఈ గొడుగు మీరే కుట్టారా?"

అతను ఆమెను పోల్చుకున్నాడు. చేతిలో మైకు కొద్దిగా దిగింది. "ఊరంతటికీ తెలుసు."

"మీరు కుడిచేతివారు కదా?"

"అయితే?"

"ఈ కుట్లు ఎడమకు వాలాయి."

ముందు వరసలో దర్జీ మెడ సాచాడు. "అవున్రోయ్!" అన్నాడు పక్కవాడితో.

"అప్పట్లో రెండు చేతులా కుట్టేవాణ్ణి," అన్నాడు అతను.

"అబ్బో! ఇప్పుడు ఒక్క చేత్తోనూ కుట్టడం లేదుగా, రెండో కీలు దగ్గర అన్నీ విరుగుతుంటే." ఆమె డబ్బా తెరిచి బల్ల మీద బోర్లించింది. ఊచలు గలగలా పడ్డాయి. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు ఆమె చెవులకు ఇరవై నాలుగేళ్ల వడ్డీలా వినబడింది. కానీ ఆమె వచ్చింది దీనికోసం కాదు.

గొడుగును చేతుల్లోకి తీసుకుంది. మొన దగ్గరకు వంగింది.

బిళ్ల చుట్టూ ఉన్న కుట్లు కుడికి వాలి ఉన్నాయి.

ఎవరో విప్పారు. విప్పి, కుడిచేత్తో మళ్లీ కుట్టారు. ఎవరో ఏమిటి, ఇంకెవరు? అంటే చూశాడు. చూసి, దారం పీకి పారేసే ఉంటాడు. కార్డూ, తేదీ, నర్సమ్మ సంతకం అన్నీ దండగ. వెనక కిటికీ దగ్గర పసిది ఒక్కసారి కేరుమంది. ఆ కేకతో ఆమెకు మళ్లీ కోపం వచ్చింది. కోపంతో పాటు చేతిలోకి కత్తెరొచ్చింది.

"బిళ్ల విప్పుతాను," అంది.

"వద్దు," అన్నాడతను, మరీ తొందరగా.

"కారని గొడుగు బిళ్ల విప్పకూడదు, నిజమే. నేనే కుట్టేస్తాను మళ్లీ. పెద్దాయనా, విప్పనా?"

హెడ్మాస్టరు అతని వైపు చూశాడు, జనం వైపు చూశాడు. "విప్పమ్మా," అన్నాడు.

ఆమె కార్డు తీసి ముందే ఆయన చేతికిచ్చింది. "ఆఖరి గీటు మీదున్న బరువు పైకి చదవండి. తేదీతో సహా."

ఆయన చదివాడు. నాలుగు కిలోల ఆరు వందలు. తేదీ చెప్పాడు. నమూనాలు ఇచ్చిన తేదీ ఏదో, వాదన కోసం అధికారి తెచ్చుకున్న పాత దస్త్రం చెప్పింది. ఆమె పిల్ల జబ్బు సంగతి, చీటీల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది, గొంతు పెంచకుండా. చెబుతూనే కత్తెర మొనతో ఒక్కో కుట్టూ తెంపింది. బిళ్ల లేచింది.

నాలుగు. ఆరు.

మైనపు దారం నిన్న కుట్టినట్టే ఉంది. ఒక్క పోగు కూడా కదల్లేదు. హెడ్మాస్టరు వంగి చూసి, కార్డు చూసి, మళ్లీ వంగి చూశాడు.

గెలిచానని ఆమెకు తెలుసు. కానీ ముల్లులాంటి ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. అడక్కుండా ఉండలేకపోయింది. అతని దగ్గరకు జరిగి మెల్లగా అడిగింది. "చూశావు. విప్పి చూశావు. అయినా ఈ అంకె ఎందుకు పీకెయ్యలేదు?"

అతనూ మెల్లగానే చెప్పాడు, ఆమెకు మాత్రమే అన్నట్టు. "పీకితే సూది కన్నాలు మిగులుతాయి. కారేది అక్కా. ఇంత మంచి గొడుగు."

చేతిలో మైకు ఉన్న సంగతి అతనికి గుర్తులేదు. ఇంత మంచి గొడుగు, అన్న మాట మందిరం నాలుగు మూలలా వినబడింది.

ఇంకొకడైతే అంకె నాకేం తెలుసు అని బుకాయించేవాడు. బిళ్ల కింద ఎవరో కుట్టారనేవాడు. ఇతను గొడుగు పనివాడు. కన్నం సంగతి వచ్చేసరికి అబద్ధం మరిచిపోయాడు.

ఆ మాటకు ఆమె మెత్తబడి ఉంటుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఎక్కడో ఒక మూల, పాపం తెలియక చీటీలు తారుమారయ్యాయేమో అనే పిసరంత అనుమానం ఆమెకు ఉండేది. ఆ పిసరే అతనికి మిగిలిన మర్యాద. ఇప్పుడు అదీ పోయింది. తెలుసు. ఎంత మంచి కుట్టో తెలుసు, ఎవరిదో తెలుసు, తెలిసే అద్దంలో పెట్టుకుని పూజ చేసుకున్నాడు.

"గట్టిగా చెప్పు," అంది. "ఇది ఎవరి గొడుగు?"

అతను జనాన్ని చూశాడు. వెనకనుంచి ఎవడో "చెప్పవయ్యా రెక్కల కష్టం!" అని అరిచాడు.

"నాది కాదు," అన్నాడతను. "అక్కది."

ఎవరూ ఏడవలేదు. మోకాళ్ల మీద పడలేదు. ఆమె ఊహించుకున్న వాటిలో ఒక్కటీ ఇలా లేదు. అయినా బాగానే ఉంది.

అధికారి మాత్రం లేచి నిలబడ్డాడు, ముఖం వెలిగిపోతూ. "చూశారా! ఈమెకు నేర్పింది మా శిక్షణ కేంద్రమే! అందుకే సర్కారు చెయ్యి కావాలంటున్నాను!"

ఆమె అతని వైపు తిరిగింది. "మీ చెయ్యి సంగతీ చెప్తా, కూర్చోండి బాబూ. పిల్ల ఆస్పత్రిలో ఉందని అర్జీ పెడితే గడువు దాటినది అని రాసింది ఆ చెయ్యే. ఇవ్వడం వచ్చు మీకు. ఎవరికిస్తున్నారో చూడ్డం రాదు. అది నేర్చుకుని అప్పుడు మాట్లాడండి."

అధికారి కూర్చున్నాడు. జనానికి ఎటు చప్పట్లు కొట్టాలో అర్థంకాక రెండు వైపులా కొట్టారు.

"ఇంతకీ సర్కారు చెయ్యి కావాలా, వద్దా?" అని ఎవరో అరిచారు.

"ముందు ఈ చెయ్యి కావాలి," అంది ఆమె, పెద్ద గొడుగు కుడిచెయ్యి చూపిస్తూ. "బిళ్ల విప్పాను, మళ్లీ కుట్టాలి. పట్టుకో."

అతను చేతిలోని మైకు వైపు చూసుకున్నాడు.

"మెట్ల కింద నాకు ఇన్నేళ్లూ పట్టుకునే మనిషి లేడు. మోకాళ్ల మధ్య బిగించుకుని కుట్టాను. పట్టుకోరా."

అతను మైకు కింద పెట్టాడు. గొడుగు సగం తెరిచి, పిడి రెండు చేతులా పట్టుకుని, తల వంచి నిలబడ్డాడు, శిక్షణ కేంద్రంలో నిలబడ్డట్టే. గుడ్డ అతని ముఖాన్ని గడ్డం దాకా కప్పేసింది. అతనికి ఊచలు తప్ప ఏమీ కనిపించవు. ఊరంతటికీ మాత్రం అతను కనిపిస్తున్నాడు.

ఆమె దారం నోట్లో పెట్టి తడిచేసి, సూది బెజ్జంలోకి ఎక్కించింది. నాలుగూ ఆరు మీద బిళ్ల పరిచింది. మామూలుగా బిళ్లకు పదహారు కుట్లు చాలు. ఆమె ముప్పై రెండు వేద్దామనుకుంది. తీరిగ్గా, ఒక్కోటీ ఎడమకు వాలేలా. జనం ఎవరూ లేవలేదు. తొమ్మిదో కుట్టు దగ్గర అతని మోచేతులు వణకడం మొదలుపెట్టాయి.

"కదపకు," అంది ఆమె. "ఇంకా చాలా ఉంది."